పేక కలిపే యంత్రం తప్పు చేయదా?

పేకముక్కలు పంచే మనిషి ఎన్ని రకాలుగా పొరబడగలడో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. ఒక ముక్క బదులు రెండు ముక్కలు కలిసి జారిపోవచ్చు. ఒక ముక్క తిరగబడి బొమ్మ కనిపించవచ్చు. ఒక ఆటగాడికి వేయాల్సిన ముక్క పక్కవాడికి పడవచ్చు. కట్టలో 52 ముక్కలకు బదులు 51 ఉండవచ్చు. ఇంట్లో పండగపూట ఆడుకునే ఆటలో ఇలా జరిగితే అందరూ నవ్వుకుని మళ్లీ పంచుకుంటారు. డబ్బు కట్టి ఆడించే కాసినోలో అలా కుదరదు. ఒక్క ముక్క తప్పుగా పడితే గొడవ, గొడవ తేలేదాకా ఆట బందు, ఆట ఆగితే యజమానికి నష్టం. అందుకే అమెరికాలోని లాస్ వేగాస్, అట్లాంటిక్ సిటీ, చైనా ఏలుబడిలోని మకావ్ వంటి చోట్ల మనిషి చేతి నుంచి ఈ పనిని ఒక్కొక్కటిగా యంత్రాలకు అప్పగిస్తూ వచ్చారు.

ఈ యంత్రాలు తాము చెప్పే పని నిజంగా చేస్తున్నాయా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించబోయే విషయం. జూదం గొప్పదని చెప్పడం మన ఉద్దేశం కాదు. జూదంలో చివరికి ఎవరు గెలుస్తారో కూడా దారిలో లెక్కవేసి చూద్దాం. కానీ "యంత్రం కాబట్టి తప్పు చేయదు" అనే మాట మీరు పరీక్షా ఫలితాల దగ్గర, లాటరీల దగ్గర, ఎన్నికల దగ్గర కూడా వింటూ ఉంటారు. ఆ మాటను పరీక్షించడానికి పేకముక్కలంత చవకైన, స్పష్టమైన పరికరం మరొకటి దొరకదు.

తప్పులు మూడు రకాలు

పంపకంలో వచ్చే తప్పులను మూడు గుంపులుగా విడదీయవచ్చు. మొదటిది చేతి పొరపాటు. ముక్క జారడం, తిరగబడడం, రెండు కలిసి రావడం. రెండోది నియమం తప్పడం. ఎప్పుడు ముక్క వేయాలో, ఎప్పుడు వేయకూడదో మరిచిపోవడం. మూడోది ముక్కలు సరిగ్గా కలవకపోవడం. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు "ఆగండి" అంటారు. మూడోది ఎవరికీ కనిపించదు. బాగా కలిసిన కట్ట, సగమే కలిసిన కట్ట బల్ల మీద పెడితే రెండూ ఒకేలా ఉంటాయి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. మనం చేయబోయే విమర్శకంతా మూలం ఇదే.

మొదటి రకం తప్పుకు కాసినోలు కనిపెట్టిన విరుగుడు ఒక ఏటవాలు పెట్టె. దాన్ని "షూ" అంటారు. ఫ్రెంచి వాళ్లు దాన్ని చెక్క చెప్పు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ముక్కలను ఈ పెట్టెలో బోర్లా పేరుస్తారు. వెనక ఒక బరువైన దిమ్మ ఉంటుంది. అది తన బరువుతోనే కిందికి జారుతూ ముక్కలను ముందుకు నెడుతుంది. ముందు పలకకు ఒక సన్నని సందు ఉంటుంది. వేలితో లాగితే ఆ సందులోంచి ఒక్క ముక్కే బయటికి జారుతుంది. కరెంటు లేదు, చక్రాలు లేవు. ఏటవాలు తలం మీద గురుత్వాకర్షణ, సందు వెడల్పు, ఈ రెండింటితోనే పని జరిగిపోతుంది. ముక్కలు చేతిలో ఉండవు కాబట్టి కింది ముక్కను దొంగచాటుగా లాగడం కూడా కష్టమవుతుంది. తాను చెప్పిన పని చేసే సాధనం ఇది. దీని మీద మనకు ఫిర్యాదు లేదు.

ఈ పెట్టె విస్తరించడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే అమెరికన్ గణితవేత్త "బీట్ ద డీలర్" అనే పుస్తకం రాశాడు. బ్లాక్‌జాక్ ఆటలో అయిపోయిన ముక్కలను గుర్తుపెట్టుకుంటే మిగిలిన ముక్కల్లో ఏవి ఎక్కువున్నాయో తెలుస్తుందని, దాన్నిబట్టి పందెం పెంచితే ఆటగాడిదే పైచేయి కావచ్చని లెక్కగట్టి చూపించాడు. దాంతో కాసినోలు ఒక కట్టకు బదులు నాలుగు, ఆరు, ఎనిమిది కట్టలు కలిపి ఆడించడం పెంచాయి. అన్ని ముక్కలు ఒక చేతిలో పట్టవు. పెట్టె తప్పనిసరి అయింది.

రెండో రకం తప్పుకు ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. బకరా అనే ఆట ఉదాహరణగా తీసుకోండి. ఇందులో పది, జాకీ, రాణి, రాజు విలువ సున్నా. ముక్కల విలువలు కూడి, ఒకట్ల స్థానంలోని అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. 7, 8 వస్తే 15 కాదు, 5. ఇద్దరిలో ఎవరికీ మొదటి రెండు ముక్కలకే 8 గాని 9 గాని రాకపోతే, ఆటగాడి పక్షానికి 0 నుంచి 5 వరకు ఉన్నప్పుడు మూడో ముక్క వేయాలి, 6 గాని 7 గాని ఉంటే వేయకూడదు. బ్యాంకరు పక్షానికైతే ఆటగాడి మూడో ముక్కను కూడా చూసి నిర్ణయించే పొడవాటి పట్టిక ఉంది. అర్ధరాత్రి దాటాక నిద్రమత్తులో ఉన్న ఉద్యోగి ఈ పట్టికను తప్పడం వింతేమీ కాదు. ఎలక్ట్రానిక్ పెట్టె బయటికి వచ్చే ప్రతి ముక్కను చదువుతుంది, మొత్తం కూడుతుంది, నియమం చెబుతుంది. ఇదీ మెచ్చుకోదగ్గదే. నియమం స్పష్టంగా ఉన్నచోట యంత్రం మనిషికన్నా నమ్మకస్తురాలు.

కలపడం వేరు, కలవడం వేరు

ఇక మూడో రకం. మన భాషలో ఒక మంచి సౌకర్యం ఉంది. "కలపడం" అంటే మనం చేసే పని. "కలవడం" అంటే జరగాల్సిన ఫలితం. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు. పులిహోర కలిపేవాళ్లను అడగండి. పైపైన నాలుగుసార్లు తిప్పితే అడుగున అన్నం తెల్లగానే ఉంటుంది.

52 ముక్కలను ఎన్ని వరుసల్లో పేర్చవచ్చు? ఇంటర్మీడియట్ చదివేవాళ్లకు ప్రస్తారాల పాఠం గుర్తుండే ఉంటుంది. మొదటి స్థానానికి 52 అవకాశాలు, రెండోదానికి 51, మూడోదానికి 50. ఇలా ఒకటి దాకా గుణించుకుంటూ పోవాలి. జవాబు సుమారుగా 8 పక్కన 67 సున్నాలు. ముక్కలు సంపూర్ణంగా కలిశాయి అంటే ఈ వరుసలన్నింటికీ సమానమైన అవకాశం ఉంది అని అర్థం.

కట్టను రెండు సగాలుగా విడదీసి, అంచులు జారవిడుస్తూ ఒక సగాన్ని మరో సగంలోకి దూర్చడం మీరు చూసే ఉంటారు. ఇలా ఎన్నిసార్లు చేస్తే ముక్కలు కలుస్తాయి? ఈ ప్రశ్నకు 1992లో డేవ్ బేయర్, పెర్సీ డయాకోనిస్ అనే ఇద్దరు గణితవేత్తలు పూర్తి జవాబు ప్రచురించారు. ఈ డయాకోనిస్ సామాన్యుడు కాడు. పద్నాలుగో ఏట ఇల్లు వదిలి డై వెర్నన్ అనే ఇంద్రజాలికుడి వెంట ఊళ్లు తిరిగి, ఆ తర్వాత చదువుకుని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ముక్కలు ఎలా మోసం చేస్తాయో చేతులకూ తెలుసు, లెక్కకూ తెలుసు.

వాళ్ల జవాబు "ఏడు సార్లు" అని పత్రికల్లో ప్రచారమైంది. ఆ మాటను కొంచెం నిదానంగా చదవాలి. అసలు కలవని స్థితికి 1, సంపూర్ణంగా కలిసిన స్థితికి 0 అని ఒక కొలత పెట్టుకుందాం. నాలుగుసార్లు కలిపినా ఆ కొలత దాదాపు 1 దగ్గరే ఉంటుంది. ఐదుసార్లకు 0.92, ఆరుసార్లకు 0.61, ఏడుసార్లకు 0.33, ఎనిమిదికి 0.17, పదిసార్లకు 0.04. అంటే ఏడు దగ్గర తలుపు మూసుకోదు. అప్పటిదాకా మొండికేసిన ముక్కలు ఆ చుట్టుపక్కల త్వరత్వరగా కలవడం మొదలుపెడతాయి, అంతే. "ఏడు సార్లు చాలు" అని రాసినవాళ్లు 0.33ను సున్నాగా చదివారన్నమాట.

పది అరల యంత్రం కథ

ఇప్పుడు అసలు యంత్రం దగ్గరికి వద్దాం. చేత్తో ఏడెనిమిదిసార్లు కలపడానికి సమయం పడుతుంది. అందుకని ఒక నిర్మాణ సంస్థ పది అరలున్న యంత్రాన్ని తయారుచేసింది. కట్టలోంచి ముక్కలు ఒక్కొక్కటిగా వస్తాయి. యంత్రంలోని కంప్యూటరు ప్రతి ముక్కకూ ఒక అరను ఏ లెక్కా లేకుండా ఎంచుతుంది. ఆ అరలో అప్పటికే ఉన్న ముక్కలకు పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్నది కూడా అలాగే ఎంచుతుంది. చివరికి పది అరల్లోని దొంతరలను ఒకదానిమీద ఒకటి పెట్టి బయటికి ఇస్తుంది. ఒక్క విడతలో పని పూర్తి. చూడ్డానికి ఎంతో న్యాయంగా ఉంది కదా!

సంస్థ దీన్ని పరీక్షించమని డయాకోనిస్‌ను, సాంఖ్యక శాస్త్రజ్ఞురాలు సుసాన్ హోమ్స్‌ను అడిగింది. జేసన్ ఫుల్మన్ అనే మరో గణితవేత్తతో కలిసి వాళ్లు చేసిన విశ్లేషణ 2013లో అచ్చయింది. దాని సారం అర్థం కావడానికి పెద్ద గణితం అక్కర్లేదు. కాగితం తీసుకోండి.

1 నుంచి 8 వరకు అంకెలున్న ముక్కలు, రెండే అరలు అనుకుందాం. మొదటి అరకు 1, 3, 4, 7 వెళ్లాయి. ముందు 1 పడింది. 3 దానికి పైన, 4 కింద, 7 పైన. పైనుంచి చదివితే 7, 3, 1, 4. రెండో అరకు 2, 5, 6, 8 వెళ్లాయి. 2 పడింది, 5 కింద, 6 పైన, 8 కింద. చదివితే 6, 2, 5, 8. రెండూ కలిపితే 7, 3, 1, 4, 6, 2, 5, 8. ఏమైనా గమనించారా? అంకెలు 1 దాకా దిగి, మళ్లీ ఎక్కి, 2కు దిగి, మళ్లీ ఎక్కాయి. రెండు లోయలు ఏర్పడ్డాయి. ఇది కాకతాళీయం కాదు. ఏ అరలోనైనా ముందు పడ్డ చిన్న అంకె నడుమ చిక్కుకుంటుంది, తర్వాత వచ్చే పెద్దవి దానికి పైనో కిందో చేరతాయి. అందుచేత ఒక్కో అర ఒక్కో లోయను మించి ఇవ్వలేదు. పది అరల యంత్రం ఎంత తిరిగినా పది లోయలకు మించి పుట్టించలేదు.

మరి బాగా కలిసిన కట్టలో ఎన్ని లోయలుండాలి? పక్కపక్కనున్న ఏ మూడు ముక్కలు తీసుకున్నా, వాటిలో చిన్నది నడుమ ఉండే అవకాశం మూడింట ఒకటి. 52 ముక్కల్లో రెండు పక్కలా పొరుగువారున్నవి 50. 50ని 3తో భాగిస్తే సగటున 16 కన్నా ఎక్కువ, దాదాపు 17. యంత్రం ఇవ్వగలిగింది పదే! పదకొండు, పదిహేను, ఇరవై లోయలున్న వరుసలు ఆ యంత్రం నుంచి ఎన్నటికీ రావు. కానీ నిజంగా కలిసిన కట్టలో మామూలుగా వచ్చేవి అవే.

ఇంకో లెక్క. ప్రతి ముక్కకూ పది అరలు, ఒక్కో అరలో రెండు చోట్లు, మొత్తం 20 అవకాశాలు. 52 ముక్కలకు 20ని 52 సార్లు గుణించాలి. జవాబు సుమారు 4.5 పక్కన 67 సున్నాలకు సమానం. సాధ్యమైన వరుసలేమో 8 పక్కన 67 సున్నాలు. యంత్రానికున్న దారులే గమ్యాలకన్నా తక్కువ! ప్రతి దారీ కొత్త గమ్యానికే చేరుస్తుందని ఉదారంగా ఒప్పుకున్నా, నూటికి 44 వరుసలు మిగిలిపోతాయి. "అరలను బయటికి తీసే క్రమం మార్చితే?" అని మీకు అనుమానం రావచ్చు. ప్రయోజనం లేదు. మూడో అరను ముందు తీయడం అంటే దానికి ఒకటో నంబరు పెట్టడమే. కొత్త వరుస ఏదీ పుట్టదు.

దీనివల్ల ఆటగాడికి లాభమేమిటి? బాగా కలిసిన కట్టలో ముక్కలను ఒక్కొక్కటిగా తెరుస్తూ, తెరిచే ముందు ఊహించమంటే సగటున నాలుగున్నర సరిపోతాయి. చివరి ముక్క ఖాయంగా చెప్పగలం, దాని ముందుది రెండింట ఒక వంతు, ఆ ముందుది మూడింట ఒక వంతు. ఇలా 52 దాకా కూడితే 4.5 వస్తుంది. పది అరల యంత్రం నుంచి వచ్చిన కట్టలో, కలపక ముందు వరుస తెలిసిన మనిషి తొమ్మిదిన్నర దాకా సరిగ్గా ఊహించగలడని శాస్త్రజ్ఞులు తేల్చారు. రెట్టింపుకన్నా ఎక్కువ. విడివిడిగా ఒక్కో ముక్క ఎక్కడికి చేరిందో చూసే పరీక్షకు ఈ లోపం చిక్కకపోవచ్చు. ముక్కల మధ్య సంబంధం చూస్తేనే దొరుకుతుంది.

సంస్థ ఈ ఫలితాన్ని ఇష్టపడకపోయినా ఒప్పుకుంది. విరుగుడు కూడా సులభమే. అదే యంత్రంలో రెండోసారి కలపడం. రెండుసార్లు కలిపితే పది, పది కలిసి ఇరవై అరలు కావు. లెక్క ప్రకారం 200 అరలున్న యంత్రంతో సమానమవుతుంది. ఈ ఉదంతంలో మనం మెచ్చుకోవాల్సింది యంత్రాన్ని కాదు, దాన్ని బయటివాళ్ల చేత పరీక్షింపజేసిన నిర్ణయాన్ని.

యంత్రం మీద భారం వేస్తే

అలాంటి పరీక్ష లేనిచోట ఏమవుతుందో చూడండి. 2012 ఏప్రిల్‌లో అట్లాంటిక్ సిటీలోని గోల్డెన్ నగెట్ కాసినో, కర్మాగారంలోనే కలిపి సీలు వేసిన కట్టలను కొని బకరా బల్ల మీద వాడింది. తీరా ఆ కట్టలు కలపనే లేదు. ముక్కలు ఒకే వరుసలో మళ్లీ మళ్లీ రాసాగాయి. ఆటగాళ్లు అది కనిపెట్టారు. పది డాలర్ల పందేలు ఐదు వేల డాలర్లకు పెరిగాయి. వరసగా 41 ఆటలు గెలిచి, 14 మంది పదిహేను లక్షల డాలర్లకు పైగా రాబట్టారు. వివాదం కోర్టుకెక్కింది. కలపని ముక్కలతో ఆడిన ఆట నిబంధనల ప్రకారం చెల్లదని 2015లో తీర్పు వచ్చింది. ముక్కలు పంచిన ఉద్యోగి చేతి తప్పు ఒక్కటీ లేదు. సీలు మీద నమ్మకమే తప్పు.

అదే ఏడాది అదే ఊళ్లో, బోర్గాటా అనే కాసినోలో ఫిల్ ఐవీ అనే ప్రసిద్ధ ఆటగాడు బకరాలో 96 లక్షల డాలర్లు గెలిచాడు. ముక్కల వెనకవైపు ముద్రించిన నమూనా రెండు అంచుల దగ్గర కొద్దిగా తేడాగా ఉంది. విలువైన ముక్కలను ఏదో వంక చెప్పి తలకిందులుగా తిప్పిస్తే, తర్వాత వెనకనుంచే వాటిని గుర్తుపట్టవచ్చు. అయితే ఒక చిక్కుంది. మనిషి కలిపితే కట్టలో సగం అటు ఇటు తిరిగిపోవచ్చు, గుర్తులు చెరిగిపోతాయి. అందుకే ఐవీ పక్షం యంత్రంతోనే కలపాలని కోరింది. యంత్రం ముక్కలను తిప్పదు! 2016లో ఫెడరల్ కోర్టు కోటి డాలర్లకు పైగా తిరిగి ఇమ్మంది, 2020లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. మనిషి చేతిలోని గందరగోళం కూడా ఒక రక్షణే అని ఈ కథ చెబుతుంది. దాన్ని తీసేసినప్పుడు దానితోపాటు ఏం పోయిందో ఎవరూ చూడలేదు.

మూడో ఉదాహరణ ఇంకా విచిత్రం. కొత్త యంత్రాల లోపల ఒక కెమెరా ఉంటుంది. కట్టలో 52 ముక్కలూ ఉన్నాయా, ఏదైనా రెండుసార్లు వచ్చిందా అని చూడడం దాని పని. అంటే తప్పు పట్టుకునే కన్ను అది. 2023 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ అనే భద్రతా సదస్సులో కొందరు పరిశోధకులు డెక్‌మేట్ 2 అనే యంత్రం గురించి వివరించారు. బయటికి తెరిచి ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో చిన్న పరికరం గుచ్చి, లోపలి ప్రోగ్రామును మార్చి, ఆ కెమెరా చూసిన ముక్కల వరుసను బయటికి పంపవచ్చని చూపించారు. తప్పులు పట్టే కన్నే దొంగకు కన్నమైంది. 2025 అక్టోబరులో న్యూయార్కులో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు బయటపెట్టిన ఒక కేసులో, మార్పులు చేసిన ఇలాంటి యంత్రాలతో పోకర్ ఆటల్లో మోసం చేశారన్న ఆరోపణ ఉంది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ అలా చేయడం సాధ్యమని రెండేళ్ల ముందే తెలుసు.

ఇన్ని లోపాలున్నా యంత్రాలు ఎందుకు పెరిగాయి? ఒక కారణం వేగం. బకరాలో ఆటగాడి పక్షాన పందెం కాస్తే సగటున నూటికి 1.24 వంతు కాసినోకు చేరుతుంది. గంటకు 40 ఆటలు, ఆటకు వంద రూపాయలు అనుకుంటే గంటకు సుమారు 50 రూపాయలు పోతాయి. యంత్రం వచ్చి గంటకు 60 ఆటలు సాగితే 74 పోతాయి. ఆట నియమం మారలేదు, ముక్కలు మారలేదు, జేబు మాత్రం త్వరగా ఖాళీ అయింది. "తప్పులు నివారించే సాధనం" అనే పేరు వెనక ఈ లెక్క కూడా ఉంది. ఏ యంత్రం గురించి చదివినా ఎవరి తప్పులు నివారిస్తోంది, ఎవరికి లాభం అని అడగండి.

పేకబల్ల దాటి

"ఇదంతా కాసినోల గొడవ, మనకెందుకు?" అనుకోకండి. 1969 డిసెంబరు 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి యువకులను పిలవడానికి లాటరీ తీశారు. ఏడాదిలోని 366 పుట్టినరోజులను గొట్టాల్లో పెట్టి, వాటిని నెలల వరుసలో పెట్టెలో వేసి కొద్దిగా కలిపి, గాజు జాడీలో పోశారు. ముందు బయటికి వచ్చిన తేదీ వాళ్లు ముందు యుద్ధానికి వెళ్లాలి. అన్నీ సరిగ్గా కలిసి ఉంటే ప్రతి నెలకూ సగటు నంబరు 183 దరిదాపుల్లో ఉండాలి. జనవరికి 201 వచ్చింది, డిసెంబరుకు 121.5. ఏడాది చివర పుట్టినవాళ్లు ఎక్కువగా ముందు వరుసలో పడ్డారు. ఎవరూ మోసం చేయలేదు. కలిపారు, కలవలేదు. మరుసటి ఏడాది గణాంకవేత్తల సలహాతో తేదీలకొకటి, నంబర్లకొకటి రెండు డ్రమ్ములు వాడి, ముందుగానే యాదృచ్ఛిక క్రమాలు సిద్ధం చేశారు.

కంప్యూటరు అయితే సరిపోతుందా? 1999లో ఇంటర్నెట్ పోకర్ ఆడించే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తన నిజాయితీ చాటుకోవడానికి ముక్కలు కలిపే ప్రోగ్రామును బహిరంగంగా ప్రకటించింది. కొందరు నిపుణులు చదివి చూస్తే, ఆ ప్రోగ్రాము అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్కను మూలంగా తీసుకుని ముక్కలు కలుపుతోంది. ఒక రోజులో మిల్లీసెకన్లు 8,64,00,000 మాత్రమే. 67 సున్నాల సంఖ్య ముందు ఇదెంత? తెరిచిన ఐదు ముక్కలు చూసి మిగతావన్నీ చెప్పేసే ప్రోగ్రాము రాసి చూపించారు. సంస్థ పరువు పోయింది, నిజమే. కానీ ప్రోగ్రామును దాచి ఉంటే ఆ లోపం ఎంతకాలం అలాగే ఉండేదో!

మన దేశంలోనూ దీని నీడ ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడడం మీద వచ్చిన కేసులో, 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలని, ఏవి ఉంచుకోవాలో ఏవి పారేయాలో తెలియాలని కారణం చూపింది. పేక కలిపి పంచే ఏ ఆటలోనైనా అదృష్టం పాలు కొంత ఉంటుందని, అది కలిపిన కట్టలో ముక్కలు ఎక్కడెక్కడ చేరాయన్న దానిమీద ఆధారపడుతుందని కూడా అంది. ఆ మాటకు పునాది కట్ట నిజంగా కలిసి ఉండడమే. కలవని కట్టతో అదృష్టమూ లేదు, నైపుణ్యమూ లేదు. తెలిసినవాడు, తెలియనివాడు అనే తేడా ఒక్కటే మిగులుతుంది.

మన ఎన్నికల్లో ఓటింగు యంత్రాల లెక్కను వీవీప్యాట్ చీటీలతో సరిచూస్తారు. ప్రతి శాసనసభ నియోజకవర్గ పరిధిలో ఐదు పోలింగు కేంద్రాల చీటీలు లెక్కించాలని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏ ఐదు అన్నది అందరి ఎదుట లాటరీ తీసి తేలుస్తారు. అందరి ఎదుట తీయడం మంచి పద్ధతి, మోసాన్ని ఆపుతుంది. కానీ చీటీలను వరుసగా డబ్బాలో వేసి రెండుసార్లు ఊపి తీస్తే అది 1969 నాటి గాజు జాడీయే అవుతుంది. చుట్టూ నిలబడి చూసేవాళ్ల కళ్లకు మోసం దొరుకుతుంది గాని, చీటీలు కలవకపోవడం దొరకదు. దాన్ని లెక్కతోనే పట్టుకోవాలి.

చివరి మాట

పేక యంత్రాల మీద మన తీర్పు ఏమిటి? ఏటవాలు పెట్టెకు మంచి మార్కులు వేయవచ్చు. తన పని ఎలా చేస్తుందో చూస్తేనే తెలుస్తుంది, చెడిపోతే కూడా తెలుస్తుంది. నియమం చెప్పే ఎలక్ట్రానిక్ పెట్టెకూ మంచి మార్కులే. అది పొరబడితే బల్ల దగ్గరున్నవాళ్లు పట్టుకోగలరు. కలిపే యంత్రానికి మాత్రం ఆ మార్కులు ఊరికే ఇవ్వకూడదు. దాని పని మూసిన డబ్బాలో జరుగుతుంది, ఫలితం చూసి మంచిచెడ్డలు చెప్పలేం. ఎవరు పరీక్షించారు, ఏ పరీక్ష పెట్టారు, ఫలితం బయటపెట్టారా అని అడిగాకే నమ్మాలి. మనిషి చేసిన తప్పును యంత్రం సరిదిద్దినప్పుడు, ఆ తప్పు పోయిందా లేక కనిపించని చోటికి మారిందా అన్నది చూడాలి.

నా మాట కూడా నమ్మనక్కర్లేదు. ఒక పేకకట్ట తీసుకుని ముక్కల మీద పెన్సిలుతో 1 నుంచి 52 దాకా అంకెలు వేయండి. పది చీటీల మీద 0 నుంచి 9 దాకా రాసి ఒక డబ్బాలో వేయండి. ముక్కలను 1 నుంచి వరుసగా తీస్తూ, ప్రతి ముక్కకూ ఒక చీటీ తీసి అరను, ఒక నాణెం ఎగరేసి పైనో కిందో నిర్ణయించండి. తీసిన చీటీని తిరిగి డబ్బాలో వేసి బాగా ఊపడం మరవకండి. చివరికి పది దొంతరలు కలిపి లోయలు లెక్కపెట్టండి. పది దాటవు. తర్వాత అదే కట్టను 1 నుంచి 52 వరుసలో పేర్చి, రెండు సగాలు ఒకదానిలోకి ఒకటి దూర్చే పద్ధతిలో పదిసార్లు కలిపి మళ్లీ లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ మీ నోటుపుస్తకంలో పక్కపక్కన రాసుకుని, మీ తరగతిలో ఇంకో పదిమంది చేత కూడా చేయించి సగటు తీయండి. యంత్రాన్ని పరీక్షించడం అంటే ఏమిటో మీకు అప్పుడు తెలుస్తుంది.